కూలి ఎడమ పక్కన రాసినందుకు

ఇంటర్‌లో నాది బైపీసీ. నర్సింగ్‌లో సీటు వస్తుందని ఇంట్లో అందరం నమ్ముకున్నాం. రాలేదు. డిగ్రీ అడ్మిషన్ల గడువు ముగిసే ముందు అమ్మా నేనూ బాన్సువాడ బస్టాండు దగ్గరున్న ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లాం. కంప్యూటర్ ముందు కూర్చున్నతను బీకాంలో ఇంకా సీట్లున్నాయని, పెట్టమంటారా అని అడిగాడు. అమ్మ నా వైపు చూసింది. మా వెనక చాలామంది నిలబడి ఉన్నారు. పెట్టమన్నాను. బీకాం చదివితే బ్యాంకు పరీక్షలు రాయొచ్చని ఎవరో అనగా విన్నాను. అంతకు మించి ఆ చదువు గురించి నాకేమీ తెలియదు.

మొదటి వారంలోనే అకౌంట్స్ క్లాసంటే భయం పట్టుకుంది. చెప్పే సారు గెస్ట్ లెక్చరర్. నడివయసు మనిషి. ఎండాకాలమైనా వానాకాలమైనా చొక్కా చేతులు మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని ఉండేవారు. రాగానే బోర్డు మధ్యలో నిలువు గీత గీసి ఎడమ పక్కన డెబిట్ అని, కుడి పక్కన క్రెడిట్ అని రాసేవారు. పాఠం ఇంగ్లీషులో మొదలయ్యేది, మధ్యలో కాసేపు తెలుగులోకి వచ్చేది, నాకు అందుతోంది అనుకునేలోపు మళ్లీ ఇంగ్లీషులోకి వెళ్లిపోయేది. తరువాత ఆయన హాజరు పట్టీ తెరిచి, వేలితో వెతికి, ఒక నంబరు పిలిచేవారు. ఆ నంబరు వాళ్లు బోర్డు దగ్గరికి పోయి లెక్క చేయాలి. రాకపోతే తిట్టేవారు కాదు. చాక్‌పీస్ చేతిలో పట్టుకుని పీరియడ్ అయిపోయేదాకా అక్కడే నిలబడమనేవారు. పాఠం మాత్రం ఆగకుండా సాగేది. ఆయన వేలు పట్టీ మీద కదులుతున్నంతసేపూ నేను చున్నీ కొసను గుప్పిట్లో నలుపుతూ కూర్చునేదాన్ని.

ఒక రోజు నా నంబరే పిలిచారు. దుకాణం యజమాని తన ఇంటి ఖర్చుకు దుకాణంలోంచి డబ్బు తీసుకున్నాడు, దాన్ని ఎలా రాయాలి అన్నది లెక్క. ఆయన దుకాణం, ఆయన డబ్బు, తీసుకుంటే రాయడమెందుకో నాకు అర్థం కాలేదు. నిలబడిపోయాను. క్లాసంతా నా ముందే ఉంది. ఎటు చూడాలో తెలియక కిటికీ బయట నీళ్ల ట్యాంకు వైపు చూస్తూ గంట కొట్టేదాకా ఉన్నాను. కూర్చోబోతుంటే సారు "ఏ గ్రూపమ్మా ఇంటర్ల?" అని అడిగారు. బైపీసీ, తెలుగు మీడియం అన్నాను. ఆయన తలాడించారు.

ఆ సాయంత్రం బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయితో స్నేహం కుదిరింది. మా క్లాసే. అంతకు ముందు ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మా ఊరు బీర్కూర్ దారిలో ఉంటుంది. ఆమె నాకంటే ముందే ఒక క్యాంపు దగ్గర దిగేది. కాలువ కింద పొలాలు కొనుక్కుని కోస్తా నుంచి వచ్చి ఉండిపోయినవాళ్ల ఊళ్లను మా దగ్గర క్యాంపులంటారు. ఆమె తాత కాలంలో వచ్చారట. ఆమె పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే అయినా ఇంట్లో మాట్లాడే మాటే బయటా వచ్చేది. "అలా నిలబెట్టేస్తే ఎవరికైనా చెమటలు పడతాయి. నాకైతే కళ్లు తిరిగేవి" అంది. ఆ రోజంతా నాతో ఎవరైనా అన్న మంచి మాట అదొక్కటే.

ఆమె చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషు మీడియం. పుస్తకం గడగడా చదివేది. కానీ లెక్క దగ్గరికి వచ్చేసరికి ఏది ఎటు రాయాలో తడబడేది. నాకు చదవడం కష్టం, అర్థం చెబితే లెక్క పట్టుకోగలిగేదాన్ని. అలా ఇద్దరం ఒకరికొకరం పనికొచ్చాం. మధ్యాహ్నం అన్నం తిన్నాక మెట్ల మీద కూర్చుని ఆమె ఒక్కో లైనూ చదివి తెలుగులో చెప్పేది. నేను గీత గీసి రెండు పక్కలా రాసేదాన్ని. కొద్ది రోజులకు డెబిట్లూ క్రెడిట్లూ నాకు కలలోకి రావడం మానేశాయి. అన్నింటినీ వరుసగా దించి, రెండు పక్కల మొత్తాలూ సరిపోయాయో లేదో చూసే ట్రయల్ బ్యాలెన్స్ దాకా వచ్చాం. రెండు మొత్తాలూ ఒకటే వచ్చినప్పుడు కలిగే సంతోషం నాకు బైపీసీలో ఎప్పుడూ తెలియలేదు. సరిపోకపోతే తేడాను తాత్కాలికంగా అనామతు ఖాతా కింద రాసి పెట్టొచ్చని సారు చెప్పారు. ఆయన సస్పెన్స్ అకౌంట్ అనేవారు.

ఆమె భయం వేరే. వాళ్ల నాన్నకు ఆమెను కృష్ణా జిల్లాలో అమ్మమ్మగారింట్లో ఉంచి అక్కడి కాలేజీలో చదివించాలని ఉండేది. ఇక్కడే ఉంటానని ఆమె ఏడ్చి ఒప్పించింది. మార్కులు తగ్గాయంటే తీసుకెళ్లిపోతానని ఆయన ముందే చెప్పి పెట్టాడు. సెలవులకు అక్కడికి పోతే తనను అందరూ తెలంగాణ పిల్ల అంటారని, ఇక్కడేమో ఆంధ్రోళ్ల పిల్ల అంటారని ఆమె నవ్వుతూ చెప్పేది. అక్కడికి పోవాలన్న మాట వస్తే మాత్రం నవ్వేది కాదు.

మొదటి ఇంటర్నల్ పరీక్షలో ఇద్దరం ఒకే బెంచీ మీద చెరో చివరా కూర్చున్నాం. నా ట్రయల్ బ్యాలెన్స్ సరిపోలేదు. ఎడమ పక్క మొత్తం ఎక్కువగా వచ్చింది. మళ్లీ కూడి చూస్తే మళ్లీ అదే.  ఎక్కడ తప్పిందో కనబడలేదు. పరీక్ష గదిలో ఉన్న మేడం పేపర్లు తీసుకోవడానికి దగ్గరికి వస్తుంటే తేడాను కుడి పక్కన అనామతు ఖాతాలో రాసేసి ఇచ్చేశాను. పక్కకు చూసే తీరిక కూడా నాకు లేదు.

కొన్నాళ్లకు, అన్నం గంటలో, సారు మమ్మల్నిద్దరినీ స్టాఫ్ రూంకు పిలిచారు. టేబుల్ మీద మా రెండు పేపర్లూ పక్కపక్కన ఉన్నాయి. రెండింటిలోనూ ఒకే వరుస చుట్టూ ఎర్ర సున్నా. ఔట్‌స్టాండింగ్ వేజెస్, అంటే చేయించుకున్న పనికి ఇంకా ఇవ్వని కూలి. అది దుకాణం తీర్చాల్సిన బాకీ కాబట్టి కుడి పక్కన ఉండాలి. ఇద్దరి పేపర్లలోనూ ఎడమ పక్కన ఉంది. కింద అనామతు ఖాతాలో ఇద్దరిదీ ఒకే మొత్తం.

"తప్పు ఎవరికైనా వస్తది. ఇద్దరికి ఒక్క తీరే ఎట్ల వచ్చింది? ఎవరు జూసి రాసిండ్రు?" అన్నారు సారు.

ఆమె తల దించుకుంది. నేను చూడలేదని చెప్పాను. నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది.

"మరి కూలి ఎడమ పక్కన ఎందుకు రాసినవమ్మా?"

 ఎందుకో నాకే తెలియదు. ఎర్ర సున్నా వైపు చూస్తూ నిలబడ్డాను. అవతలి టేబుల్ దగ్గర అన్నం తింటున్న ఒక మేడం తినడం ఆపి మా వైపే చూస్తోంది. సారు నా స్నేహితురాలిని ఆ ప్రశ్న అడగలేదు. నా వైపే చూస్తూ, బైపీసీ నుంచి వచ్చినవాళ్లకు కష్టమేనని తనకు తెలుసని, అడిగితే మళ్లీ చెప్పేవాడినని, ఇలా చేయకూడదని అన్నారు. రేపటిలోగా ఎవరో ఒకరు నిజం చెప్పాలి, లేకపోతే ఇద్దరికీ సున్నా వేసి, ఇళ్ల నుంచి పెద్దవాళ్లను పిలిపించి ప్రిన్సిపాల్ ముందు కూర్చోబెడతానన్నారు.

ఆ సాయంత్రం బస్సు ఆడవాళ్లతో కిక్కిరిసి ఉంది. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమని జీరో టికెట్ వచ్చినప్పటి నుంచీ మా దారిలో అంతే. ఇద్దరం వెనక మూలకు ఒత్తుకుని నిలబడ్డాం. బస్సు బాన్సువాడ దాటాక ఆమె నా చెవి దగ్గరికి వంగింది.

"నువ్వు ఒప్పేసుకోవే. నీకు రాదనే కదా సార్ అనుకుంటున్నారు, పోన్లే అని వదిలేస్తారు. నాదని తెలిస్తే మా నాన్న ఇంకో మాట వినడు."

"నువ్వు నాది జూసినవా?" అని అడిగాను.

"చివర్లో టైం అయిపోతోంది. నీకు ఎప్పుడూ సరిపోతుంది కదా అనుకున్నా."

 ఆమె మీద కోపం కన్నా, నాకు రాదనే కదా అన్న మాట ఎక్కువ గుచ్చుకుంది. కాలేజీ మెట్ల మీద నేను లెక్క చూపిస్తే రాసుకున్న మనిషి ఆ మాట అనగలిగింది. క్యాంపు దగ్గర దిగేముందు నా చేయి గట్టిగా పట్టుకుని వదిలింది. 

ఇంటికి వచ్చేసరికి అమ్మ అప్పుడే పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. కలుపు తీసే రోజులు. నాన్న రైస్ మిల్లులో హమాలీ, ఇంకా రాలేదు. చెప్పొద్దనుకున్నాను గానీ అమ్మ నా ముఖం చూసి చెంబు పక్కన పెట్టేసింది. మొత్తం చెప్పాను. ట్రయల్ బ్యాలెన్స్ అంటే ఆమెకేం తెలియదు. నేను చూసి రాయలేదన్నది మాత్రం పట్టుకుంది.

"నువ్వు రాయలేదు గదా?"

"రాయలే అమ్మా."

"ఇగ ఫికరెందుకు? రేపు రమ్మంటే వస్త. కలుపుకు నా బదులు ఇంకొకామెను తోలుత. ఆసామి కాడ మన కూలి బాకీ రావాల్సినయి గట్లనే ఉన్నయి, వచ్చేటప్పుడు అయి గూడ అడిగొస్త."

ఆమె లోపలికి వెళ్లి పొయ్యి ముట్టిస్తోంది. నేను అక్కడే నిలబడిపోయాను. కూలి బాకీ. మెట్ల మీద ఆ లైను చదివినప్పుడు నా స్నేహితురాలు చెప్పిన అర్థం అదే. ఔట్‌స్టాండింగ్ అంటే బాకీ, కూలి బాకీ, అంతే, అని తరువాతి లైనుకు వెళ్లిపోయింది. పొలంలో కూలీలను పెట్టుకునే వాళ్ల ఇంట్లో ఆ మాటకు ఇవ్వాల్సింది అని అర్థం. మా ఇంట్లో నేను పుట్టినప్పటి నుంచీ రావాల్సింది అనే అర్థం. రావాల్సినవన్నీ ఎడమ పక్కన రాయాలని సారే నేర్పారు. అందుకే నాకు అందులో తప్పు కనబడలేదు. ఎన్నిసార్లు చూసినా కనబడేది కాదు.

కారణం దొరికిందని ఊపిరి పీల్చుకున్నాను.  కానీ ఆ కారణం చెబితే చూసి రాసింది ఎవరో తేలిపోతుంది, సారుకు ఇక వేరే రుజువు అక్కర్లేదు. నేను ఆమె పేరు ఎత్తకపోయినా చెప్పినట్టే. చెప్పకపోతే అమ్మ పని మానుకుని వచ్చి, ఆ టేబుల్ ముందు చేతులు కట్టుకుని నిలబడి, తన కూతురు దొంగ కాదని బతిమాలాలి. అన్నం ముందు పెట్టుకుని ఇదే ఆలోచించాను. అమ్మ రెండుసార్లు తినమని చెప్పింది.

పొద్దున బస్సులో ఆమె ఎక్కగానే దగ్గరికి పిలిచాను. రాత్రంతా ఏడ్చినట్టు కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"నేను ఒప్పుకోను. నేనెందుకు అట్ల రాసిన్నో సారుకు చెప్త. నీ మాట మాత్రం ఎత్తను" అన్నాను.

"ఎత్తక్కర్లేదులే" అంది. జనంలోంచి తోసుకుంటూ ముందుకు వెళ్లి డ్రైవరు వెనక నిలబడింది. బాన్సువాడ వచ్చేదాకా వెనక్కి తిరగలేదు.

స్టాఫ్ రూంలో ఈసారి సారు ఒక్కరే ఉన్నారు. ఏమైనా చెప్పేది ఉందా అని ఇద్దరినీ అడిగారు.  ఆయన ఆమె పేపరు ముందుకు జరిపి, ఈ కూలి ఎడమ పక్కన ఎందుకు వచ్చిందో చెప్పమన్నారు. తొందరలో రాసేశానని ఆమె అంది. తరువాత నా పేపరు జరిపారు. 

"రావాల్సినయి అనుకుని రాసిన సార్."

"ఎవరికి రావాల్సినయి?"

"మాకు సార్. కూలికి పోయెటోళ్లకు. మా అమ్మ కలుపుకు పోతది. కూలి బాకీ అంటే మాకు రావాల్సిందే. ఇచ్చేటోళ్ల దిక్కు నుంచి రాయాలని నాకు అప్పుడు తట్టలే."

సారు పేపరు వైపు చూశారు. తరువాత నా వైపు చూశారు.  వరండాలో ఎవరో నవ్వుకుంటూ పోతున్న చప్పుడు వినిపించింది. ఆయన ఆమె వైపు తిరిగి, మీ ఇంట్లో కూలి మీరు ఇచ్చేదా, మీకు వచ్చేదా అని మెల్లగా అడిగారు. ఆమె మేమే ఇస్తామని అనబోయి తన పేపరు వైపు చూసింది.

"నేనే చూసి రాశాను సార్" అంది. నన్ను చూడలేదు. గోడ వైపు చూస్తూ అంది.

సారు ఆమె పేపరు మీద సున్నా వేశారు. రెండో ఇంటర్నల్ జాగ్రత్తగా రాయమన్నారు. పెద్దవాళ్లను పిలిపించే సంగతి ఆలోచిస్తానన్నారు. నా పేపరు మీద తప్పుకు పడాల్సిన కోత అంతా పడింది, ఒక్క మార్కు కూడా కలపలేదు. నిన్న నన్ను అనుమానించినందుకు ఆయన ఏమైనా అంటారేమోనని చూశాను. "క్లాసుకు పొండి" అన్నారు. బయటికి రాగానే ఆమె బాత్రూంల వైపు నడిచింది. నేను గెలిచినట్టేమీ అనిపించలేదు. మెట్ల మీద కాసేపు కూర్చున్నాను.

తరువాతి క్లాసులో సారు హాజరు పట్టీ తెరవకుండానే నా నంబరు పిలిచారు. బోర్డు మీద అదే లెక్క ఉంది. నా చేతిలో చాక్‌పీస్ విరిగింది. ఆయన ఇంకొకటి ఇచ్చారు. కూలి బాకీని కుడి పక్కన రాశాను. రెండు మొత్తాలూ సరిపోయాయి. ఆయన క్లాసు వైపు తిరిగి, లెక్క మొదలుపెట్టే ముందు ఇది ఎవరి లెక్కో తేల్చుకోవాలని, ఇది తను మొదటి రోజే చెప్పాల్సిందని అన్నారు. నన్ను కూర్చోమన్నారు.

ఆ వారంలోనే నా స్నేహితురాలి నాన్న కాలేజీకి వచ్చాడు. వరండాలో సారు ఏదో చెబుతుంటే చేతులు వెనక్కి కట్టుకుని విన్నాడు. ఆమె పక్కన నిలబడి ఉంది. ఆమె ఇక రాదనుకున్నాను. మరునాడు బస్సు క్యాంపు దగ్గర ఆగినప్పుడు తలుపుల వైపే చూశాను. ఆమె ఎక్కింది. ముందు తలుపు నుంచి ఎక్కి ముందే నిలబడింది. సెమిస్టరు అయ్యేదాకా అదే వరుస. మధ్యాహ్నం మెట్ల మీద నేనొక్కదాన్నే పుస్తకం పెట్టుకుని ఒక్కో మాటకూ ఫోన్‌లో అర్థం వెతుక్కునేదాన్ని. పదిమందిలో ఉన్నా ఆమె ఎక్కడుందో నాకు తెలుస్తూనే ఉండేది.

సెమిస్టరు పరీక్షల్లో అకౌంట్స్ పేపరు రోజు హాలు బయట నిలబడి ఉంటే ఆమె నా పక్కకు వచ్చింది. తరుగుదలను ఏ పక్కన రాయాలి అని అడిగింది, చేతిలోని హాల్‌టికెట్ వైపే చూస్తూ. చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. తలాడించి లోపలికి వెళ్లింది.

ఆ సాయంత్రం మా బస్సు ఎంతకూ రాలేదు. బస్టాండులో చీకటి పడేలా ఉందని నేను అటూ ఇటూ నడుస్తుంటే వాళ్ల నాన్న కారు వచ్చి ఆగింది. కొంచెం దూరంలో నిలబడి ఉన్న ఆమె వెళ్లి ఎక్కింది. కారు కదల్లేదు. అద్దం దించి, నన్ను కూడా రమ్మని ఆయనే పిలిచాడు. వెనక సీటు సగం యూరియా బస్తాలే. వాటి పక్కన ఒదిగి కూర్చున్నాను. ఆయన ఏమంటాడోనని మంజీర నది వైపు రోడ్డు మలుపు తిరిగేదాకా బస్తాల వైపే చూస్తూ ఉన్నాను.

"ఏమ్మా, మీరిద్దరూ కలిసి లెక్కలు చేసుకునేవాళ్లంటగా. మానేశారేం?"

ముందు సీట్లో ఆమె భుజాలు బిగుసుకున్నాయి. సారు ఆయనకు ఎంత చెప్పారో నాకు తెలియదు. పరీక్షలకు ఎవరి చదువు వాళ్లం చదువుకున్నామని చెప్పాను. ఆయన అద్దంలోంచి నన్నొకసారి చూశాడు. క్యాంపు దాటించి మా ఊరి దాకా తెచ్చి దింపాడు.

నేను దిగి తలుపు వేయబోతుంటే ఆమె ఇటు తిరిగింది.

"ఎల్లుండి ఎకనామిక్స్. మూడో యూనిట్ నోట్స్ నీ దగ్గరుందా? నా దాంట్లో సగం లేదు."

ఉందన్నాను. పొద్దున ఫొటోలు తీసి పంపుతానన్నాను.

"పంపొద్దు. ఆ ఫొటోల్లో నీ రాత అర్థం కాదు" అంది. "రేపు నేనే వస్తా. మీ ఇల్లెక్కడో చెప్పు."

కారు అద్దం దగ్గరికి వంగి, వాటర్ ట్యాంకు పక్క సందులో మూడో ఇల్లని చెప్పాను.